ముప్పై ఒకటో కిలోమీటరు నీళ్ళు

శనివారంలోగా చేయవలసిన పనులు:

స్టేషన్ బల్లలకు రంగు. ఆకుపచ్చ. నీలం వద్దు, పోస్టర్‌లో ఆకుపచ్చ ఉంది.
స్టేషన్ గోడ మీద అంటించిన, పోయినవాళ్ళ ఫొటోల కాగితాలన్నీ పీకించాలి.
మఠం తాళంచెవి పూజారి దగ్గర ముందే తీసుకోవాలి, లేకపోతే ఆయన తేనెపెట్టెల దగ్గరికి వెళ్ళిపోతాడు.
పాత నీటిమరకు నీళ్ళు. కాలవ ఎండిపోయింది కనుక ఫైరింజన్ వాళ్ళతో మాట్లాడాలి. చక్రం తిరిగి తీరాలి.
పాటలు పాడే ఆడవాళ్ళు ఆరుగురు, పూర్తి వేషంలో.
బానిత్స రొట్టెలు పన్నెండు పళ్ళేలు.
రాతి కిటికీ దగ్గర తాడు కట్టించాలి. గొర్రెలను అటు రానివ్వకూడదు.
ముప్పై ఒకటో కిలోమీటరు చెష్మ దగ్గర పాత రాయి తీయించి కొత్త బోర్డు పెట్టించాలి.

ఈ జాబితా మా డిప్యూటీ మేయర్ కల్చెవ్ చెప్తుంటే నేను రాసుకున్నది. ఎనిమిది పనుల్లో ఏడు సగం సగంగా అయ్యాయి. ఎనిమిదోది ఒక్కటే పూర్తిగా అయింది. దాన్ని దగ్గరుండి చేయించింది నేనే.

మాది స్త్రెల్కా. కొండల కింద చిన్న రైల్వే ఊరు. పొద్దున ఒక రైలు, సాయంత్రం ఒక రైలు. ఒకప్పుడు ఇంజన్లు నీళ్ళు పట్టుకున్న ట్యాంకు మీద ఇప్పుడు కొంగల గూడు ఉంది. మా నాన్న గాంచో లైను గ్యాంగులో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాడు. మా అమ్మ ప్లమ్ జామ్ ఫ్యాక్టరీలో సీసాలకు మూతలు బిగించేది. మా ఇంట్లో రెండు వైపులా చూసినా డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. తర్నవోలో చదువు ముగించి, ఊరికి తిరిగొచ్చి, మునిసిపాలిటీ వాళ్ళ పర్యాటక కేంద్రంలో చేరాను. కేంద్రమంటే నేనూ, ఒక బల్లా, ఒక ప్రింటరూ. ఉద్యోగం ఏడాదికొకసారి పొడిగిస్తారు. పొడిగించవలసింది కల్చెవ్.

యూరప్ వాళ్ళ ప్రాజెక్టు ఒకటి వచ్చింది. పాత ఆవిరి ఇంజన్‌తో ప్రత్యేక రైలు వేసి, స్త్రెల్కా చుట్టుపక్కల చూడదగ్గవన్నీ ఒక్క రోజులో చూపించాలి. మార్చిలో కల్చెవ్ నన్ను తన గదికి పిలిచి, గోడ మీది మ్యాపు ముందు నిలబెట్టాడు.

“ఏమున్నాయి మనకి?”

చెప్పాను. మఠం, పాత నీటిమర, రాతి కిటికీ. రాతి కిటికీ అంటే కొండ అంచున గాలి తొలిచిన పెద్ద కన్నం. అందులోంచి లోయంతా కనబడుతుంది.

“ఫొటోల కోసం రైలు ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర ఆపుతున్నాం. అక్కడేదో చెష్మ ఉందట?”

“ఉందండీ. రాతి గోడ, గొట్టం, కింద తొట్టి. నీళ్ళు చాలా బాగుంటాయి.”

“కథేంటి?”

“గేటు కాపలా ఉండే స్తోయ్నా గారి పేరు మీద కట్టారండి. ఆవిడ పోయాక వాళ్ళాయనా, గ్యాంగు వాళ్ళూ కలిసి.”

కల్చెవ్ నా వైపు జాలిగా చూశాడు. “గేటు కాపలా ఆవిడ కోసం సోఫియా సిటీ నుంచి ఎవడొస్తాడు రోసిత్సా? జనానికి ఒక పెళ్ళికూతురు కావాలి. వెనకాల ఒక తురక పాషా తరుముకుంటూ రావాలి. పిల్ల దూకాలి.”

“ఎక్కణ్ణుంచి దూకుతుందండీ? అక్కడంతా చదును. గోధుమ చేలు.”

“ఇంకాస్త దూరం నుంచి పరుగెత్తించు. చదువుకున్నదానివి, అదీ నేనే చెప్పాలా?”

మా దేశంలో ఎత్తైన రాయి ఎక్కడ కనబడినా దాని మీద నుంచి ఎవరో ఒక పెళ్ళికూతురు దూకే ఉంటుంది. ఆ కథలు చదువుతూ పెరిగినదాన్ని కనుక నాకు రాయడం కష్టం కాలేదు. ఇరవై నిమిషాలు పట్టింది. యానా అనే పెళ్ళికూతురు, పాషా గుర్రం, రాతి కిటికీ నుంచి పరుగు, పొలం గట్టున కూలబడటం, ఆమె కన్నీరు పడ్డచోట ఊట పుట్టడం. కల్చెవ్ చదివి, “దూకలేదే,” అన్నాడు. మళ్ళీ తనే, “సర్లే, ఏడ్చింది కదా,” అన్నాడు. పర్యాటకుల కోసం ఐదు వేల కరపుస్తకాలు, రంగుల్లో, అచ్చు వేశారు. వెనక అట్ట మీద నా పేరు వేశారు. అమ్మ ఒకటి తెచ్చి ఫ్రిజ్ మీద అంటించింది. నాన్న కళ్ళజోడు లేకుండా చదవలేడు. ఆ రోజు కళ్ళజోడు వెతుక్కోలేదు. నేనూ వెతికి ఇవ్వలేదు.

అసలు సంగతి ఇది. స్తోయ్నా తబకోవా ముప్పై ఒకటో కిలోమీటరు గేటు దగ్గర ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. గేటు గదికి నీళ్ళు లేవు. ఊట అర కిలోమీటరు అవతల, ముళ్ళ పొదల మధ్య ఉండేది. రోజుకు నాలుగుసార్లు రెండు డబ్బాలు పట్టుకెళ్ళి తెచ్చేది. ఆ నీళ్ళు ఆవిడ ఒక్కదానికే కాదు. కోతల వాళ్ళకు, లైను గ్యాంగుకు, ఎండాకాలం రైలు నిలిచిపోతే కిటికీ కిటికీకీ వెళ్ళి చంటిపిల్లల తల్లులకు. అలా చెయ్యమని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆవిడకు ఇచ్చిన పని గేటు దించడం, ఎత్తడం. నలభై తొమ్మిదో ఏట ఒక ఆగస్టు మధ్యాహ్నం నిండు డబ్బాలతో వస్తూ దారిలోనే పోయింది. గేటు దించలేదేమిటని గూడ్సు డ్రైవరు బండి ఆపి, దిగి వెతికితే కనబడింది. డబ్బాలు రెండూ పక్కన నిలబెట్టి ఉన్నాయి. ఒక్క చుక్క ఒలకలేదు. ముందు వాటిని కింద పెట్టి, తర్వాత పడిపోయింది.

వాళ్ళాయన మింకో మా నాన్న గ్యాంగుకు మేస్త్రీ. ఆయనా, మరో ఆరుగురూ పంతొమ్మిది ఆదివారాలు కందకం తవ్వి, పాత ఇంజన్ గొట్టాలు పరిచి, ఆ ఊటను గేటు దగ్గరికి తెచ్చారు. ఆ ఏడుగురిలో చిన్నవాడు మా నాన్న. గోడ కట్టి, ఒక రాయి మీద ఇలా చెక్కించి పెట్టారు:

‘స్తోయ్నా తబకోవా, ఈ గేటు మనిషి. ఇరవై ఆరేళ్ళు అందరికీ నీళ్ళు మోసింది. తాగినవాళ్ళు, దేవుడు స్తోయ్నాను మన్నించాలి అనండి.’

పోయినవాళ్ళ పేరు మీద ఏది తిన్నా, తాగినా మావైపు అనే మాట అది. అవి కమ్యూనిస్టు పార్టీ రోజులు. సెక్షన్ పెద్ద వచ్చి, దేవుడు అన్న మాట తీసెయ్యమన్నాడట. మింకో తాత, “మీరే తీసెయ్యండి, ఇదిగో,” అని ఉలి చేతికిచ్చాడట. ఆ పెద్ద ఉలి తొట్టి గట్టు మీద పెట్టి, దోసిలి పట్టి నీళ్ళు తాగి, వెళ్ళిపోయాడు. తాగాక ఆయన పెదవులు కదిలాయని మా నాన్న ఇప్పటికీ చెప్తాడు.

అలాంటి మనిషి కూడా ముట్టుకోని రాయిని నేను తీయించాను.

గురువారం తాపీమేస్త్రీ యూసేయిన్‌ను మునిసిపాలిటీ వ్యానులో తీసుకెళ్ళాను. ఆయన ముందు కొత్త బోర్డు దగ్గర నిలబడి, ఒక్కో మాటా గట్టిగా చదివాడు.

“ఎవరీ పాషా?”

“ఊరికే మావా. కథ.”

“మా తురకల్లోవాడే అయ్యుంటాడు. ఈ జిల్లాలో ఎక్కడ చూసినా వాడే, ఆడపిల్లల్ని తరుముతూ. ఒక్కదాన్నన్నా పట్టుకున్నాడా, పాపం? మా తాతకైతే నలభై ఏళ్ళకే మోకాళ్ళు పోయాయి. పాయఖానాకి పోవాలంటేనే చెయ్యి పట్టుకోవాల్సి వచ్చేది.”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఉలి తీసి, రాయి అంచున పెట్టి, ఆగాడు.

“మింకోకి చెప్పావా?”

“శనివారం ఒక్కరోజే కదా మావా. ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. మళ్ళీ పెట్టేద్దాం.”

“చెప్పావా అని అడిగాను.”

“చెప్తాను.”

“అంటే చెప్పలేదు.”

రాయి పగలకుండా తీయడానికి గంటన్నర పట్టింది. ఆయన దాన్ని గోనెసంచిలో చుట్టి, గోడ వెనక నీడలో ఆనించాడు. వ్యాను ఎక్కుతూ అన్నాడు: “శనివారం సాయంత్రం సున్నం కలుపుకుని వస్తాను. నువ్వు రాకపోయినా వస్తాను.”

మింకో తాతకు నేను చెప్పలేదు. శుక్రవారమంతా బల్లల రంగు, బానిత్స, ఫైరింజన్‌తో సరిపోయింది. అది నిజమే. ఆయన ఇల్లు మా ఇంటికి మూడు గుమ్మాల అవతల అన్నదీ నిజమే. ఎనభై నాలుగేళ్ళ మనిషి, వాకిట్లో బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చుని ఉన్నాడు. “ఏమ్మా, పరుగులేనా?” అని పలకరించాడు. “పరుగులే తాతా,” అని దాటిపోయాను.

ఇంకో సంగతి. ఆ శనివారం మామూలు శనివారం కాదు. చెర్రీ శనివారం. పెంతెకోస్తు పండగకు ముందు, పోయినవాళ్ళను తలుచుకునే రోజు. ఉడికించిన గోధుమలు, కొత్త చెర్రీలు పట్టుకుని ఊరంతా సమాధుల దగ్గరికి వెళ్తుంది. ఎదురైన ప్రతి మనిషికీ పెడుతుంది. తిన్నవాళ్ళు ఫలానావాళ్ళను దేవుడు మన్నించాలి అంటారు. ఆ రోజు పెట్టుకోవద్దని కల్చెవ్‌కు రెండుసార్లు కాగితం మీద రాసిచ్చాను. ఇంజన్ ఆ రోజే దొరుకుతుందన్నాడు. “చచ్చినవాళ్ళు ఎక్కడికీ పోరు. ఇంజన్ పోతుంది,” అన్నాడు.

రైలు పదింటికి వచ్చింది. నలభై రెండు మంది: టూరు కంపెనీల వాళ్ళు, వాళ్ళ భార్యలు, ఒక టీవీ కెమెరా. మొదటి పది నిమిషాల్లోనే తెల్ల ప్యాంటు వేసుకున్న ఒకాయన బల్ల మీద కూర్చుని ఆకుపచ్చ చారలతో లేచాడు. గోడ మీద కాగితాలు పీకినచోట జిగురుతో పాటు ముఖాల ముక్కలు మిగిలాయి. ఒక నుదురు, ఒక మీసం, ఒక తలగుడ్డ ముడి. స్వాగతం పాడవలసిన ఆరుగురిలో ఇద్దరే వచ్చారు. ఆ ఇద్దరూ ఎవరు మొదలెట్టాలో తేలక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కల్చెవ్ నవ్వు చెదరకుండా నా చెవి దగ్గరికి వంగాడు. “ఊరు ఖాళీగా ఉందేంటి? జనం ఎక్కడ?”

“శ్మశానంలో ఉన్నారండి.”

“ఎవరు పోయారు?”

“అందరూనండి. రెండుసార్లు రాసిచ్చాను.”

మఠానికి తాళం. పూజారి సమాధుల దగ్గర ఒక్కో కుటుంబానికీ ప్రార్థన చదువుతున్నాడు, తాళంచెవి ఆయన జేబులో ఉంది. లోపలి గోడ మీద నాలుగు వందల ఏళ్ళ నాటి తీర్పు దినం బొమ్మ ఉంటుంది. దాన్ని చూపించకుండా వెనక్కి పంపడం ఇష్టంలేక కల్చెవ్ అందరినీ వరసలో నిలబెట్టాడు. నలభై రెండు మంది ఒకరి తర్వాత ఒకరు వంగి, తాళం కన్నంలోంచి నరకాన్ని చూశారు. నీటిమర చక్రం రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టు సగంలో ఫైరింజన్‌లో నీళ్ళయిపోయాయి. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, “కావాలంటే చేత్తో తోస్తాను,” అన్నాడు.

రాతి కిటికీ ఒక్కటి ఎవరి సాయం లేకుండా బాగుంది. జూన్ మొదటి వారం. గోధుమ ఇంకా పూర్తిగా పండలేదు, గట్ల వెంట ఎర్రగా పాపీలు. లోయ మధ్యలో పట్టాలు ఎండకు మెరుస్తున్నాయి. గాలి వీస్తే చేలన్నీ ఒకవైపుకు ఒరిగి, మళ్ళీ లేచాయి. తాడు దాటుకుని గొర్రెలు వచ్చాయి. వచ్చినవాళ్ళందరికీ అన్నిటికన్నా గొర్రెలే నచ్చాయి. అక్కడ నిలబడి నేను గర్వపడ్డాను కూడా. ఇది మా ఊరు, దీన్ని చూపించడమే నా పని అనుకున్నాను. ఆ గర్వం గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఆ కిటికీలోంచి చెష్మ కూడా కనబడుతుంది. పట్టాల పక్కన తెల్ల చుక్కలాగా. అటు చూడకుండా మిగతావన్నీ చూశాను.

మూడు గంటలకు రైలు ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర ఆగింది. జనం కంకర మీదికి దిగారు. గురువారం నేను చూసినప్పుడు తొట్టి ముందు బురదగా ఉండేది. ఇప్పుడు గులకరాళ్ళు పోసి, గొట్టం ఎదురుగా ఒక బల్లపరుపు రాయి వేసి ఉంది, నిలబడి ఫొటో దిగడానికి వీలుగా. శుక్రవారం కల్చెవ్ చూడటానికి వచ్చి, బూటు బురదలో దిగబడితే, “ఇక్కడేదైనా వెయ్యండి,” అన్నాడట. పనివాళ్ళకు గోడ వెనక గోనెసంచిలో ఒకటి దొరికింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణంలో, ఎవరో బాగానే ఆలోచించారే అనుకున్నాను.

నేను మైకు తీసుకుని యానా కథ చదవడం మొదలుపెట్టాను. పసుపు రంగు గౌను వేసుకున్న ఒకావిడ ఆ రాయి మీద నిలబడి, దోసిలి పట్టి, భర్త వైపు తిరిగి నవ్వుతోంది. పాషా గుర్రం ఎక్కేసరికి నాకు మింకో తాత కనిపించాడు. ప్రతి శనివారం ఆయన చెష్మ దగ్గరికి వచ్చే పొద్దుటి రైలును ప్రత్యేక రైలు కోసం రద్దు చేశారు. ఆ సంగతీ ఆయనకు ఎవరూ చెప్పలేదు. సమాధుల దగ్గర పని ముగించుకుని, పట్టాల వెంట మూడు కిలోమీటర్లు నడిచి వస్తున్నాడు. నల్ల కోటు. రెండు చేతుల్లో గుడ్డ కప్పిన పళ్ళెం.

నేను చదవడం ఆపలేదు. ఇది రాయకుండా ఉండవచ్చు, కానీ రాస్తున్నాను. ఆపలేదు.

ఆయన వచ్చి గోడ ముందు ఆగాడు. బోర్డు చూశాడు. పెదవులు కదుపుతూ పైనుంచి కిందికి చదివాడు. తర్వాత తల దించి, ఆవిడ కాళ్ళ కింద రాయి చూశాడు. దాని మూలన పట్టాల బోల్టు దిగ్గొట్టిన కన్నం ఉంటుంది. ముప్పై ఏళ్ళ కిందట ఆయనే వేసింది. టోపీ తీశాడు.

“అమ్మా, కొంచెం పక్కకి జరుగుతావా? నువ్వు మా ఆవిడ మీద నిలబడ్డావు.”

ఆవిడ పకపకా నవ్వింది. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. ఇది కూడా కార్యక్రమంలో ఉందనుకున్నారు. కెమెరా అటు తిరిగింది. కల్చెవ్ తాత మోచెయ్యి పట్టుకుని, “మా ఊరి పాత రైల్వే మనిషండి,” అని జనానికి చెప్పి, గొంతు తగ్గించి, “తర్వాత తాతగారూ, తర్వాత,” అన్నాడు.

మింకో తాత పళ్ళెం నా చేతుల్లో పెట్టాడు. “పట్టుకో.” మోకాళ్ళ మీద కూర్చుని, గులకరాళ్ళు పక్కకు లాగి, రాయి అంచు కింద వేళ్ళు దూర్చాడు. రాయి కదల్లేదు. ఆయన ఇంకోసారి ప్రయత్నించాడు. నవ్వులు ఆగిపోయాయి. పసుపు గౌను ఆవిడ ముందు అర్థం చేసుకుంది. రాయి దిగి, బ్యాగు కింద పడేసి, ఆ గౌనుతోనే మోకాళ్ళ మీద కూర్చుంది. ఇంజన్ డ్రైవరు గునపం పట్టుకుని దిగి వచ్చాడు. ముగ్గురూ కలిసి రాయిని తిరగేశారు.

అక్షరాల నిండా బురద. తాత టోపీతో తొట్టిలో నీళ్ళు ముంచి పోశాడు, వేళ్ళతో ఒక్కో అక్షరం తుడిచాడు. పేరు బయటపడింది.

“చదువు,” అన్నాడు.

“తాతా...”

“ఇందాకట్నుంచీ ఆ మైకులో చదువుతున్నావు కదా. ఇది కూడా చదువు.”

చదివాను. చివరిదాకా చదివాను. తర్వాత అదే మైకులో, “యానా అనే మనిషి లేదు. పాషా లేడు. అది నేను రాసిన అబద్ధం. ఈ నీళ్ళు తెచ్చింది ఈయన. ఎవరి కోసమో మీరు ఇప్పుడు విన్నారు,” అన్నాను. చివరి మాట జనానికి వినబడలేదు. కల్చెవ్ తీగ పీకేశాడు.

“గురువారం దీన్ని తీసే ముందు చదివావా?” అని తాత అడిగాడు, మెల్లగానే.

“చదివాను.”

“చదివే తీశావన్నమాట.”

ఆయన నా చేతుల్లోంచి పళ్ళెం తీసుకుని, గుడ్డ తీసి, జనం మధ్యకు వెళ్ళాడు. ప్రతి మనిషి దోసిట్లో ఇన్ని గోధుమలు, రెండేసి చెర్రీలు పెట్టాడు. అందరూ తిన్నారు. చాలామంది ఆ మాట అన్నారు. సిటీ వాళ్ళకూ ఆ మాట తెలుసు. కల్చెవ్‌కు కూడా పెట్టాడు. కెమెరా ఉంది కనుక ఆయన తిని, గింజ ఎక్కడ ఉమ్మాలో తెలియక బుగ్గన పెట్టుకున్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి పళ్ళెంలో ఇంకా చాలా ఉన్నాయి. తాత నన్ను దాటి డ్రైవరు దగ్గరికి వెళ్ళాడు.

సాయంత్రం యూసేయిన్ అన్నట్టే సున్నంతో వచ్చాడు. వెంట మా నాన్న. అప్పటికే ఊరంతటికీ తెలిసింది. బోర్డు ఊడదీసి గోడకు ఆనించి, రాయి ఎత్తి పెడుతుంటే, “ఎడమ వైపు వేలెడు దిగింది,” అన్నాడు నాన్న యూసేయిన్‌తో. తర్వాత మళ్ళీ యూసేయిన్‌తోనే, “ఆ డిగ్రీ గారిని అడుగు, తాపీ ఇటు అందిస్తారేమో,” అన్నాడు. అందించాను. నా మొహం చూడకుండా తీసుకున్నాడు.

సోమవారం కల్చెవ్ తలుపు వేసి మాట్లాడాడు. అరవలేదు.

“ప్రాజెక్టు నిబంధన చదివావా? ఐదేళ్ళు ఏదీ కదపకూడదు. తనిఖీ వాళ్ళు ఫొటో పట్టుకుని వస్తారు. ఫొటోలో ఏముందో గోడ మీద అదే ఉండాలి.”

“ఫొటోలో ఉన్నది అబద్ధమండి.”

“అబద్ధమే కావచ్చు. దానికి ఆమోదం ఉంది. నీ రాయికి లేదు.”

“ఆయనకి ఎనభై నాలుగేళ్ళు.”

“ఐదేళ్ళ తర్వాత దరఖాస్తు పెట్టుకోమను.”

కుర్చీలో నుంచి లేచి ఆయన బల్ల మీద ఉన్న కరపుస్తకాల కట్టను కిటికీలోంచి విసిరెయ్యాలనిపించింది. విసరలేదు. నమస్కారం చెప్పి బయటికి వచ్చాను. ఇరవై ఆరేళ్ళు పెద్దల ముందు చేతులు కట్టుకుని నిలబడి పెరిగిన మనిషికి చేతులు విప్పడం వెంటనే రాదు. నాలుగు వీధులు దాటాక, జామ్ ఫ్యాక్టరీ గోడను బూటుతో తన్నాను. గోడకేమీ కాలేదు.

బుధవారం మునిసిపాలిటీ మనుషులు వచ్చి రాయి మళ్ళీ తీసేసి బోర్డు బిగించారు. ఈసారి ఒక మూల పగిలింది. బోల్టు కన్నం ఉన్న మూల. దాన్ని బండిలో పడేసి చెత్తలోకి తీసుకుపోతుంటే స్టేషన్ మాస్టర్ ఆవిడ ఆపింది. “ఇది రైల్వే మనిషి రాయి. దించండి,” అని, వెయిటింగ్ రూములో, టైంటేబుల్ కింద పెట్టించింది. స్టేషన్ గోడలు రైల్వేవి, వాటి మీద కల్చెవ్ మాట చెల్లదు. పోయినవాళ్ళ కాగితాలు కూడా మళ్ళీ అంటించారు. స్తోయ్నా పేరు ఇప్పుడు అక్కడుంది, నీళ్ళు లేనిచోట. నీళ్ళు మూడు కిలోమీటర్ల అవతల ఉన్నాయి, యానా పేరు కింద.

జూన్‌లో నా ఉద్యోగం పొడిగించలేదు. దాని గురించి ఏడవడానికి ఇది రాయడం లేదు. కేంద్రం తాళంచెవి ఇచ్చే ముందు, మిగిలిన పుస్తకాల్లో ఆ పేజీ మీద కలంతో అడ్డంగా గీతలు కొట్టాను. మూడు రోజులు పట్టింది. అవన్నీ పారేసి కొత్తవి వేశారు. కొత్తదాంట్లో నా పేరు తీసేశారు. యానాను ఉంచారు.

మింకో తాత ఇప్పటికీ ప్రతి శనివారం పొద్దుటి రైల్లో వెళ్తాడు. గేటు దగ్గర డ్రైవరు బండి నిదానిస్తాడు. తాత తొట్టి కడిగి, ఆకులు ఏరి, గట్టు మీద కూర్చుంటాడు. ఎవరు తాగడానికి వచ్చినా స్తోయ్నా పేరు చెప్తాడు. ఆయన లేని ఆరు రోజులూ బోర్డు చెప్తుంది. నాతో ఆయన మాట్లాడటం లేదు. మాట్లాడమని నేను అడగలేదు, అడిగే హక్కు నాకు లేదు. మూడు గుమ్మాల అవతల, వాకిట్లో బకెట్టు మీద కూర్చుని ఉంటాడు. నేను దాటేటప్పుడు పలకరించడు.

ఐదేళ్ళు. ఆ మనిషికి ఐదేళ్ళు ఎవరు ఇస్తారు?

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. మీరెప్పుడైనా ఆ ఆవిరి రైలెక్కి మావైపు వస్తే, ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర దిగండి. నీళ్ళు తాగండి, ఆగస్టులో కూడా పళ్ళు జివ్వుమంటాయి. బోర్డు మీద ఉన్నది చదవకండి, అది రాసినదాన్ని నేను. అర కిలోమీటరు అవతల ముళ్ళ పొదల వైపు ఒకసారి చూడండి. చేతిలో ఉన్న రెండు డబ్బాలూ ఒలకకుండా కింద పెట్టి, ఆ తర్వాత పోయిన మనిషి పేరు స్తోయ్నా తబకోవా. మీకు దేవుడితో పని లేకపోతే ఆ మాట వదిలెయ్యండి. ఆవిడ పేరు మాత్రం, తాగిన నోటితో, ఒక్కసారి అనండి.